ముందు పోయిన ప్రాణాలు

డిగ్రీ మొదటి సంవత్సరంలో మా జంతుశాస్త్రం సారు ఒకరోజు గాజు సీసాలో కుంట నీళ్లు తెచ్చి ల్యాబ్ కిటికీలో పెట్టారు. ఏమున్నాయో చెప్పమన్నారు. ఉత్త నీళ్లన్నాం. ఎండ వాలి సీసాకు అడ్డంగా పడే దాకా ఆగమన్నారు. ఎండ పడ్డాక నీళ్లలో నలకలు కదిలాయి. నలకలైతే మెల్లగా కిందికి దిగాలి. ఇవి దిగుతూనే మళ్లీ పైకి ఎగురుతున్నాయి. ఒకటి కాదు రెండు కాదు, సీసా నిండా అవే.

ఒకదాన్ని గాజుపలక మీద పెట్టి సూక్ష్మదర్శిని కింద చూపించారు. ఆవగింజలో సగం కూడా లేదు. ఒళ్లంతా అద్దం లాంటి పెంకు. ఆ పెంకులోంచి లోపలిదంతా కనిపించింది. తిన్న నాచుతో పచ్చగా మెలిక తిరిగిన పేగు, తలలో ఒకే ఒక్క నల్లటి కన్ను, వీపు వెనక సంచిలో కదులుతున్న నాలుగైదు పిల్లలు, వాటికి కాస్త పైన గుండె. బతికి ఉన్న ప్రాణి గుండె కొట్టుకోవడం కళ్లారా చూడటం నాకు అదే మొదటిసారి. క్షణానికి మూడు నాలుగుసార్లు కొట్టుకుంటోంది. లెక్కపెట్టలేక వదిలేశాం.

దాని జాతిని పుస్తకాల్లో డాఫ్నియా కుటుంబం అంటారు. మన కుంటల్లో ఎక్కువగా ఉండేవి దాని చిన్న చెల్లెళ్లు, మోయినా, సీరియోడాఫ్నియా వంటివి. ఊళ్లో వాటికి పేరు లేదు. పేరు పెట్టేంత పెద్దవి కావు, కుట్టవు, కరవవు, కూరకు రావు. పేరు లేని వాటి చావును ఊరు గుర్తుపెట్టుకోదు. పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు గురించి రాయాలని కూర్చున్నప్పుడల్లా నాకు ముందుగా ఆ సీసాయే గుర్తుకొస్తుంది. ఈ గాథ ఆ పేరు లేని వాటిది.

పటాన్‌చెరు పేరులోనే చెరువుంది. పాత శాసనాల్లోని పొట్టలకెరె ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. కెరె అంటే కన్నడంలో చెరువు. అంటే వెయ్యేళ్ల నాడు కూడా ఈ ఊరిని నీటితోనే గుర్తుపట్టారు. చుట్టూ బండరాళ్ల నేల. దాని మీద పడ్డ వాన ఒర్రెల్లోంచి కుంటల్లోకి, కుంట మత్తడి దూకి కింది చెరువులోకి, అక్కణ్నుంచి వాగులోకి చేరేది. ఇసుకవాగు, పాములవాగు, నక్కవాగు. ఆ నీళ్లన్నీ చివరికి మంజీరలో పడి, మంజీరతో గోదావరికి పోయేవి.

వాగు ఒడ్డు ఊళ్లలో పుట్టినవాళ్లకు చెలిమె అంటే వివరించనక్కర్లేదు. ఎండాకాలం వాగు ఆగిపోయాక ఇసుకలో మోచేతి లోతు గుంట తవ్వితే నీళ్లు ఊరేవి. మొదటి ఊట మురికిగా వస్తే దాన్ని చిప్పతో తోడిపోసి, తేటపడ్డాక బిందె నింపేవాళ్లు. ఆ నీళ్లను శుభ్రం చేసింది ఇసుక ఒక్కటే అనుకుంటాం. ఇసుక రేణువుల మధ్య బతికే కంటికి కనిపించని జీవాలు సగం పని చేసేవి. వాగు పారుతున్నప్పుడు మిగతా పని పై నీళ్లలోని వాటిది. మోయినా వంటివి రోజంతా కాళ్లతో నీటిని లోపలికి లాగి, అందులోని నాచునూ బ్యాక్టీరియానూ వడగట్టి తింటాయి. నిద్ర లేదు, సెలవు లేదు. ఒక్కొక్కటి వడగట్టేది చెంచాడో రెండు చెంచాలో కావచ్చు. కుంట నిండా అవే ఉన్నప్పుడు కుంట మొత్తం కొన్ని రోజులకొకసారి వాటి ఒంట్లోంచి పోయి వచ్చినట్టే.

రోటిఫర్లు వీటికన్నా చిన్నవి, తల మీద చక్రాలు తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. సైక్లాప్స్‌ను మాత్రం మన పాఠాలు శత్రువుగానే పరిచయం చేశాయి. నారికురుపు పురుగును మోసేది అదేనని చదువుకున్నాం, నీళ్లు గుడ్డలో వడగట్టి తాగమన్నారు. మంచి మాటే చెప్పారు. దేశం నుంచి నారికురుపు పోయిందని 2000లో ధ్రువీకరించారు. అయితే అదే సైక్లాప్స్ దోమ పిల్లలను తింటుందని, పరకపిల్లకు మొదటి ముద్ద అవుతుందని ఎవరూ పాఠం చెప్పలేదు. గుడ్డులోంచి వచ్చిన చేపపిల్ల నోరు ఎంతుంటుంది? ఆ నోట్లో పట్టేది రోటిఫరే. నాలుగు రోజులు పోయాక మోయినా. పరకలు, జెల్లలు, కొర్రమీనులు, వాటికోసం వల వేసే గంగపుత్రులు, ముదిరాజులు, ఒడ్డున ఒంటికాలి మీద నిలబడే కొంగ, అందరి అన్నం మొదలయ్యేది అక్కడే.

బతుకమ్మను సాగనంపేటప్పుడు కుంటలోకి దిగిన ఆడవాళ్ల పాదాల చుట్టూ చిన్న చేపలు చేరి కొరికేవని ఆ పక్క ఊళ్ల పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తంగేడు, గునుగు నీళ్లలో పడి కుళ్లినా ఆ కుంట కంపు కొట్టేది కాదు. పూలను తినే బ్యాక్టీరియా, దాన్ని తినే చిన్న ప్రాణులు, వాటిని తినే చేపలు అక్కడే ఉన్నాయి మరి. పండుగ చెత్తను ఎత్తిపోయడానికి మునిసిపాలిటీ అక్కర్లేని కాలమది.

1970లలో ఫ్యాక్టరీలు వచ్చాయి. వెనుకబడిన ప్రాంతం, రాయితీలున్నాయి, హైదరాబాద్ పక్కనే ఉంది, భూమి చవక. అప్పటికే ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ హైదరాబాద్‌లో మందుల తయారీ తెలిసిన రసాయన శాస్త్రవేత్తల తరాన్ని తయారు చేసింది. 1970 పేటెంట్ చట్టం ఇక్కడే మందులు తయారు చేసుకునే దారి తెరిచింది. పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి వరసగా షెడ్లతో నిండిపోయాయి. ఆ షెడ్లలో తయారైన మందు ప్రపంచంలో ఎందరో పేదల జ్వరాన్ని దించింది, ఊపిరి నిలిపింది. ఆ మేలును నేను తక్కువ చేయను. మా ఇంట్లో కూడా ఆ మాత్రలే మింగాం.

మందు తయారీలో ముడి మందు ఒక కిలో వచ్చేసరికి దాని కన్నా ఎన్నో రెట్లు ద్రావకాలు, ఆమ్లాలు, లవణాలు, కడిగిన నీళ్లు మిగిలిపోతాయి. ఆ మిగిలినదానికి దారి కావాలి. నేల పల్లం వైపు వాలి ఉంది, పల్లంలో కుంట ఉంది, కుంట కింద వాగు ఉంది. వెయ్యేళ్లుగా వాననీటిని తెచ్చిన ఒర్రెలే ఈ నీటినీ తెచ్చాయి.

చావు ఎలా వచ్చిందో కాస్త నిదానంగా చెప్పాలి. ఊరు చూసింది చివరి అంకమే.

ముందు ఉప్పు వచ్చింది. వంటింటి ఉప్పు ఒక్కటే కాదు, సల్ఫేట్లు, క్లోరైడ్లు, కరిగిన లవణాలన్నీ. మంచినీటి ప్రాణి ఒంట్లో ఉప్పు ఎక్కువ, బయట తక్కువ. లోపలికి చొరబడే నీటిని తోడిపోస్తూ, ఉప్పును పట్టి ఉంచుకుంటూ బతకడమే దాని జీవితం. బయట ఉప్పు పెరిగితే ఆ లెక్క తలకిందులవుతుంది. చేపకు మూత్రపిండాలున్నాయి, మందమైన చర్మం ఉంది, కొన్నాళ్లు తట్టుకుంటుంది, కుదరకపోతే పై నీటికి ఈదిపోతుంది. అద్దంలాంటి పెంకున్న మోయినా ఎక్కడికి పోతుంది? నీరు ఎటు నెడితే అటు పోవడమే దాని ఈత.

తర్వాత ఊపిరి పోయింది. వ్యర్థంలోని సేంద్రియ పదార్థాన్ని తినడానికి బ్యాక్టీరియా ఎగబడుతుంది, తింటూ నీటిలోని ఆక్సిజన్‌ను పీల్చేస్తుంది. డాఫ్నియా జాతికి అప్పుడు ఒక ఉపాయం ఉంది. ఊపిరి చాలనప్పుడు అది ఒంట్లో హీమోగ్లోబిన్ పెంచుకుంటుంది. అద్దంలా ఉన్న ఒళ్లు గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. ఊపిరాడని కుంటలో నలకలు ఎర్రబడతాయి. నీటి అంచున నిలబడి చూసే కళ్లుంటే అదే మొదటి కబురు. ఎర్రబడ్డాక కూడా ఊపిరి అందకపోతే అవి అడుగుకు దిగిపోతాయి, లేవవు.

ఆపైన లోహాలు, ద్రావకాలు. రాగి మనిషికి చెంబు లోహం, పూజా లోహం. డాఫ్నియాకు లీటరులో కొన్ని పదుల మైక్రోగ్రాములు చాలు, రెండు రోజుల్లో కదలిక ఆగుతుంది. అంత తక్కువ మోతాదు నాలుకకు తెలియదు, కంటికి తెలియదు, బర్రెకు తెలియదు. కుంట తేటగానే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే ముందుకన్నా తేటగా ఉంటుంది. నాచు కూడా చచ్చిన నీళ్లు అద్దంలా మెరుస్తాయి. తేటగా ఉన్నాయి కదా అని బర్రెలను తోలినవాళ్లు ఉన్నారు.

ఇక మందు సంగతి. యాంటీబయాటిక్ డాఫ్నియాను నేరుగా, వెంటనే చంపదు. అది బ్యాక్టీరియాను చంపడానికి పుట్టింది. నిజానికి బ్యాక్టీరియాయే అయిన నీలి-ఆకుపచ్చ నాచును కూడా చంపుతుంది. అంటే కుంటలో వంట చేసేవాళ్లను చంపుతుంది. వంటిల్లు ఆరిపోయాక తినేవాళ్లు ఎన్నాళ్లుంటారు?

అన్నీ విడివిడిగా కూడా రాలేదు. ఉప్పు, ఊపిరి తీసే వ్యర్థం, లోహం, ద్రావకం, మందు ఒకే ఒర్రెలో, ఒకే రాత్రి దిగాయి. ఒక్కొక్కటి కొంచెమే ఉన్నా కలిసినప్పుడు కూడిక కన్నా ఎక్కువయ్యే విషాలుంటాయి. వాన పడిన రాత్రి వదులుతారని ఒడ్డు ఊళ్ల జనం మొదటి నుంచీ ఆరోపిస్తూ వచ్చారు. తెల్లారి నురగతో, ఘాటు వాసనతో వాగు పారేదని చెప్పారు.

చావుకు ముందు ఈ ప్రాణులు చేసే పని ఒకటుంది. రోజులు బాగున్నంతకాలం మోయినా, డాఫ్నియా కుటుంబంలో అందరూ ఆడవాళ్లే. మగ తోడు లేకుండానే తల్లి తనలాంటి కూతుళ్లను కంటుంది. నీరు పాడవుతోందని, తిండి తగ్గుతోందని తెలిసినప్పుడు మాత్రం మగపిల్లలను కంటుంది. ఆ జతల్లోంచి వచ్చిన గుడ్లను గట్టి పెట్టెలో పెట్టి వీపు మీద మోస్తుంది, పెంకుతో పాటు విడిచి అడుగున బురదలో వదిలేస్తుంది. ఎండిపోయినా ఆ గుడ్లు చావవు. చెరువుల అడుగు బురదలోంచి తీసిన పదుల ఏళ్ల నాటి గుడ్లను శాస్త్రవేత్తలు పొదిగించి చూశారు, పిల్లలు బయటికి వచ్చాయి. కరువు నేల మీద ఈ చిన్నవి ఇన్ని యుగాలు నిలబడింది ఈ విత్తనాల మూటతోనే. కుంట ఎండుతుంది, వాన పడుతుంది, గుడ్డు చిట్లుతుంది.

ఆ నమ్మకమే ఇక్కడ వాటికి శత్రువైంది. గుడ్డుకు వెలుగు తెలుస్తుంది, వేడి తెలుస్తుంది, నీరు వచ్చిందని తెలుస్తుంది. ఆ నీళ్లలో ఏముందో తెలియదు. తొలకరి పడగానే గుడ్లు చిట్లుతాయి. పిల్లలు పైకి లేచి, వీపు సంచిలో తమ పిల్లలను మోసే వయసు రాకుండానే పోతాయి. తల్లి దాచిన మూటలోంచి ఏటా కొన్ని విత్తనాలు అలా ఖర్చవుతాయి. మూట ఎంత పెద్దదైనా నింపేవాళ్లు లేనప్పుడు ఒక రోజు అడుగు కనిపిస్తుంది.

చివరికి మిగిలేది ఎర్రపురుగు, తోక వైపు ఊపిరి గొట్టం ఉన్న ఒకటి రెండు రకాల ఈగల పిల్లలు. ఊపిరి లేని బురదలో బతకగలిగేవి అవే. నత్తలు పోతాయి, ఆల్చిప్పలు పోతాయి, తూనీగ పిల్ల పోతుంది. తూనీగ పోయాక ఎవరో ఒకరు అంటారు, ఈ మధ్య తూనీగలు కనిపించడం లేదేమిటని. ఆ మాట అన్నప్పటికి కుంట చచ్చి ఏళ్లయి ఉంటుంది.

ఊరు చూసిన చావు వేరు. చేపలు వెల్లకిలా తేలాయి. వాగు నీళ్లు పెట్టిన మళ్లలో వరి ఎర్రబడింది, తాలుపోయింది. నీళ్లు తాగిన గొడ్లు కూలిపోయాయి. బావుల్లో నీళ్లు రంగు మారాయి, చర్మం మీద దద్దుర్లు లేచాయి. భూగర్భజలాల్లో ఆర్సెనిక్ ఉన్నట్టు తేలింది. కిష్టారెడ్డిపేట, గండిగూడెం, సుల్తాన్‌పూర్, బచ్చుగూడెం, ఇస్మాయిల్‌ఖాన్‌పేట, చిద్రుప్ప. ఆ పేర్లు వ్యవసాయ వార్తల్లోంచి పోయి కాలుష్యం వార్తల్లోకి వచ్చాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ ఎ. కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగుల్లోనే వాగు జబ్బును గుర్తుపట్టి, దశాబ్దాల పాటు పోరాటంలో నిలిచారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో రిట్ వేసింది, నంబరు 1056. ఆ కేసు ఢిల్లీ నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు నడిచింది. కేసు వేసిన ఏడాది పుట్టిన పిల్లలకు పెళ్లిళ్లయి, వాళ్ల పిల్లలు బడికి పోయేంత కాలం అది.

రైతులకు పరిహారం ఇవ్వాలన్నారు. ఎకరాలు కొలిచారు, పంట రాశారు, గొడ్ల లెక్క రాశారు. అది న్యాయమే, ఆలస్యంగా వచ్చిన న్యాయం, అరకొర న్యాయం. మోయినాకు పంచనామా ఏ కాగితంలోనూ లేదు. రోటిఫర్‌కు వారసులు లేరు. ఏ రైతు పంట పోయిందో ఆ పంటకు నీరు శుభ్రం చేసినవి, ఏ బెస్త వల ఖాళీగా లేచిందో ఆ వలలోకి చేపను పంపినవి ఎవరి జాబితాలోకీ ఎక్కకుండా పోయాయి.

ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టారు. ఫ్యాక్టరీల వ్యర్థాన్ని ట్యాంకర్లలో అక్కడికి తెచ్చి శుద్ధి చేసి వదలాలి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం, దాదాపు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థం చేరే ఆ కేంద్రం నుంచి శుద్ధి అయ్యాక బయటికి వచ్చిన నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. ఒక్క సిప్రోఫ్లాక్సాసినే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో తేలే మోతాదు కన్నా ఇది ఎక్కువ. కొన్ని బ్యాక్టీరియాలకు విషమయ్యే మోతాదు కన్నా వెయ్యి రెట్లకు పైన. రోజుకు దాదాపు 45 కిలోల మందు నీళ్లలో పోతోందని లెక్కగట్టారు. 500 మిల్లీగ్రాముల మాత్రలుగా చేస్తే 90 వేలు. అప్పటికి 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడేంత సిప్రోఫ్లాక్సాసిన్‌ను మన ఒర్రె ఒక్క రోజులో మింగింది.

రెండేళ్ల తర్వాత, 2009లో, దగ్గరి చెరువుల సంగతి వచ్చింది. చెరువు నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా, జలుబుకు వేసుకునే సెటిరిజిన్ 1.2 మిల్లీగ్రాముల దాకా. చెరువుకు జలుబు లేదు. ఆరు ఊళ్ల బావులు పరీక్షిస్తే మందు లేని బావి ఒక్కటీ దొరకలేదు.

అదే ఏడాది ఆ బృందంలోని వాళ్లు ఇంకో పని చేశారు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. శుద్ధి అయిన ఆ నీటిని ఐదు వందల రెట్లు పలచన చేశారు. అంటే ఐదు వందల గ్లాసుల్లో ఒక్క గ్లాసు అది, మిగతావి మంచినీళ్లు. అందులో తోకకప్పలను పెంచారు. మంచినీళ్లలో ఉన్న తోబుట్టువుల కన్నా అవి 40 శాతం తక్కువ పెరిగాయి. ఐదు వందల గ్లాసుల్లో ఒక్కటి. మన తోకకప్పలు బతికింది పలచన చేసిన నీళ్లలో కాదు, వాగులో. మత్తడి కింద వానాకాలం రాత్రుళ్లు బెకబెకలతో నిద్ర పట్టదని విసుక్కున్న ఊళ్లు ఇవి.

2011లో వాగు అడుగు మట్టిలోని బ్యాక్టీరియా జన్యువులను చదివారు. మందును తట్టుకునే జన్యువులు విపరీతంగా కనిపించాయి. వాగు చావలేదు, ఒక రకంగా. అన్నీ పోయాక మందుకు లొంగనివి మిగిలాయి.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఒక విషయం గుర్తుకొస్తుంది. మన ఒంట్లోకి క్రిమి వస్తే తెల్లకణం వెళ్లి దాన్ని మింగేస్తుందని ఈ రోజు బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ సంగతిని బలంగా నిరూపించినవాడు ఇలియా మెచ్నికాఫ్, 1908లో నోబెల్ అందుకున్నాడు. 1884లో అతను ఆ యుద్ధాన్ని చూసింది డాఫ్నియా ఒంట్లో. ఒళ్లు అద్దంలా ఉంటుంది కాబట్టి, లోపల ఈస్టు ముళ్లు దిగడం, కణాలు చుట్టుముట్టి వాటిని తినేయడం సూక్ష్మదర్శినిలోంచి నేరుగా చూడగలిగాడు. మనిషి రోగంతో ఎలా పోరాడతాడో మనకు చూపించిన కొద్దిమంది గురువుల్లో ఈ ఆవగింజ ప్రాణి ఒకటి. రోగాన్ని తగ్గించే మందు తయారీలో మిగిలిన నీళ్లు తెచ్చి దాని ఇంట్లోనే పోశాం. గురుదక్షిణ ఇలా తీర్చుకోవడం మన ఆచారం కాదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలో 43 పారిశ్రామిక ప్రాంతాలను అత్యంత కలుషితమైనవిగా తేల్చింది. పటాన్‌చెరు-బొల్లారం అందులో ఉంది. శుద్ధి కేంద్రం నీటిని వాగులోకి వదలకుండా 18 కిలోమీటర్ల పైపు వేసి హైదరాబాద్ మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. అక్కడి నుంచి అది చేరేది మూసీకి. నక్కవాగు మీద భారం తగ్గించడానికి ఇంకో నదిని వెతికారు. మూసీలో కూడా ఒకప్పుడు మోయినాలుండేవి. మూసీ కింద కూడా ఊళ్లున్నాయి, మళ్లున్నాయి.

ఇప్పటికీ పెద్ద వాన పడ్డ తర్వాత ఆ పక్కల చెరువుల్లో చేపలు తేలాయన్న వార్త వస్తూనే ఉంటుంది. గండిగూడెం పేరు అలా ఎన్నోసార్లు చదివాను. ఫోటోలో చెరువు ఒడ్డంతా తెల్లగా, చచ్చిన చేపలు కుప్పలు. పక్కన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్న మనిషి. ప్రభుత్వం చెరువుల్లో చేపపిల్లలను ఉచితంగా వదులుతోంది, మంచి పని. ఆ పిల్లలకు మొదటి ముద్ద పెట్టేవి ఆ చెరువులో ఉన్నాయా అని చూసి వదిలితే ఇంకా మంచి పని.

చూడటం కష్టమేమీ కాదు. ప్రపంచమంతా ఒప్పుకున్న పరీక్ష ఒకటుంది. పుట్టి ఇరవై నాలుగు గంటలు దాటని డాఫ్నియా పిల్లలను ఇరవై తీసుకుని, ఐదేసి చొప్పున నాలుగు గ్లాసుల్లో ఆ నీళ్లలో వదులుతారు. నలభై ఎనిమిది గంటలు ఆగుతారు. గ్లాసును మెల్లగా కదిపి పదిహేను సెకన్లు చూస్తారు. ఈదనివి ఎన్నో లెక్కపెడతారు. అంతే. ఫ్యాక్టరీ వ్యర్థాల్లోని పదార్థాలను డాఫ్నియా మీద పరీక్షించిన పరిశోధనలు 1944 నాటికే అచ్చయ్యాయి. మనకు స్వాతంత్ర్యం రాకముందటి మాట.

మన నియమం మాత్రం చేపను అడుగుతుంది. వ్యర్థ జలంలో తొంభై ఆరు గంటలు ఉంచితే నూటికి తొంభై చేపలు బతకాలి. చేప నాలుగు రోజులు ఓర్చుకోగలదు. ఓర్చుకున్నంత మాత్రాన ఆ నీళ్లు మంచివని కాదు. చేపకు తిండి పెట్టేది రెండో రోజుకే పోయి ఉండవచ్చు, దాన్ని ఎవరూ గ్లాసులో వేయలేదు. మందుల ఫ్యాక్టరీల నీటిలో యాంటీబయాటిక్ ఎంత మించకూడదో చెబుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు రాశారు. అది చదివి, ఇన్నాళ్లకు అనుకున్నాను. 2021 ఆగస్టులో తుది నియమాలు వచ్చాయి. అందులో ఆ పరిమితులు లేవు. తీసేశారు. చేప పరీక్ష ఉంది.

ఈ వ్యాసం చదివేవాళ్లలో కాలుష్య నియంత్రణ మండలిలో పనిచేసేవాళ్లుండొచ్చు, మందుల కంపెనీల్లో ఉన్న మా విద్యార్థులుండొచ్చు, శాసనసభలో కూర్చునేవాళ్లుండొచ్చు. వాళ్లందరికీ చేతులు జోడించి అడుగుతున్నాను. తీసేసిన ఆ పరిమితులను తిరిగి రాయించండి. చేప పక్కన డాఫ్నియా పరీక్షను కూడా నియమంలో చేర్చండి. ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గర, శుద్ధి కేంద్రం దగ్గర, పైపు చివర, నెలనెలా చేయించండి, ఫలితం పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించండి. దానికి కావలసింది ఇరవై పిల్లలు, నాలుగు గ్లాసులు, రెండు రోజులు.